రాస్‌బెర్రీ పైలో సాంబా షేర్: ఫోల్డర్ కనిపిస్తుంది, తెరుచుకోదు

ప్రశ్న
రాస్‌బెర్రీ పై 4 (చిన్న లినక్స్ కంప్యూటర్)లో సాంబా పెట్టాను, అంటే నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే సాఫ్ట్‌వేర్. 2 టీబీ యూఎస్‌బీ డిస్క్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే) ఫార్మాట్. డెస్క్‌టాప్ దానంతట అదే /మీడియా/పై/ కింద మౌంట్ చేసింది (ఫోల్డర్‌లా తగిలించింది), షేర్‌లో ఆ దారే ఇచ్చి పాస్‌వర్డ్ లేకుండా రానిచ్చే ‘గెస్ట్ ఓకే = ఎస్’ పెట్టాను. విండోస్ 11 ప్రో గెస్ట్ కుదరదంటోంది. ఫోన్లో వీఎల్‌సీలో ఫోల్డర్ పేరు కనిపిస్తోంది, నొక్కితే ఖాళీ. అందరికీ అన్ని హక్కులిచ్చే సీహెచ్‌మోడ్ 777 కొట్టినా అంతే. ఇంట్లో నలుగురూ ఫోటోలు వేసుకోవాలి. ఏం చేయాలి?

1వ జవాబు
గెస్ట్ సంగతి వదిలేయండి. ప్రో ఎడిషన్‌లో అది మూసేసే ఉంటుంది. రిజిస్ట్రీ గెలికి తెరిచినా విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో సైనింగ్ (ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం) తప్పనిసరి, గెస్ట్‌కి సైనింగ్ ఉండదు. నలుగురికీ లినక్స్ యూజర్లు చేసి, అందర్నీ ఒకే గ్రూపులో వేయండి. తర్వాత ఒక్కొక్కరికీ సాంబా పాస్‌వర్డ్ పెట్టే smbpasswd కమాండ్‌ని ‘-a’తో నడపాలి. లినక్స్ పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకండి, సాంబా తన లెక్క తను వేరుగా రాసుకుంటుంది.

ఫోన్లో ఖాళీగా ఉండటానికి కారణం వేరు. /మీడియా/పై/ లోపలికి పై యూజర్‌కి తప్ప ఇంకెవరికీ దారి ఉండదు. గెస్ట్ వచ్చేది ‘నోబడీ’ పేరుతో, కాబట్టి గుమ్మంలోనే ఆగిపోతాడు. 777 పని చేయనిది ఎన్‌టీఎఫ్‌ఎస్ వల్ల: అక్కడ హక్కులు మౌంట్ చేసేటప్పుడే తేలిపోతాయి.

బ్లాక్‌ఐడీ (blkid) కమాండ్‌తో డిస్క్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) తీసుకుని, బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైల్‌లో /ఎస్‌ఆర్‌వీ/ఫోటోలు దగ్గర మౌంట్ చేయండి. ఆప్షన్లు: యూఐడీ=1000 (యజమాని యూజర్ నంబరు), జీఐడీ=మీ గ్రూపు నంబరు, యుమాస్క్=0007 (గ్రూపు బయటివాళ్లకి హక్కుల్లేవు), నోఫెయిల్. ఈ చివరిది మరిచిపోతే డిస్క్ ఊడిన రోజు పై బూట్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. షేర్‌లో దారి మార్చి, గెస్ట్ లైన్ తీసేసి, ‘వ్యాలిడ్ యూజర్స్’లో @ పెట్టి గ్రూపు పేరు రాయండి.

ప్రశ్న వేసినవారు
ఇప్పుడు ఫోన్లో తెరుచుకుంది, థాంక్సండీ. కానీ కొత్త ఫోల్డర్ చేయనివ్వడం లేదు. విండోస్‌లోనేమో 1219 ఎర్రర్.

2వ జవాబు
‘రీడ్ ఓన్లీ = నో’ రాశారా? రాయకపోతే సాంబా ఎస్ అనే అనుకుంటుంది. రాశాక సెట్టింగుల్లో తప్పులు చూపే టెస్ట్‌పార్మ్ నడిపి చూసి, ఎస్‌ఎంబీడీని (సాంబా సర్వీస్‌ని) రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే మౌంట్ కమాండ్ కొట్టి డిస్క్ పక్కన ‘ఆర్‌ఓ’ (ro, రీడ్ ఓన్లీ) ఉందేమో చూడండి. విండోస్ నుంచి సరిగా ఎజెక్ట్ చేయకుండా లాగేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అలా చదవడానికి మాత్రమే మౌంట్ కావచ్చు. మళ్లీ విండోస్‌కి తగిలించి సీహెచ్‌కేడీఎస్‌కే (chkdsk, డిస్క్ తప్పులు సరిచేసే కమాండ్) చేస్తే సరిపోతుంది. నా మటుకు నేను డేటా పక్కకి తీసి ఎక్స్‌ట్4 (లినక్స్ సొంత ఫార్మాట్) చేసేయమంటాను. అప్పుడు యూఐడీ, జీఐడీ, యుమాస్క్ తీసేసి, ఫోల్డర్‌ని ఆ గ్రూపుకి రాసి సీహెచ్‌మోడ్ 2770 (లోపల చేసేవన్నీ అదే గ్రూపుకి చెందుతాయి), షేర్‌లో క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770.

3వ జవాబు
1219 అంటే ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో లాగిన్. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ * /డిలీట్ కొట్టి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత ఎంట్రీ తీసేయండి. ఎవరైనా బయట్నుంచి కూడా ఫోటోలు చూడాలన్నారని రౌటర్లో 445 పోర్ట్ (ఈ షేరింగ్ వాడే దారి) మాత్రం తెరవకండి, 2017లో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారినే. దాని బదులు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి.