‘మెదడులో గడ్డ’ అంటే ఏ గడ్డ?

పోయిన వారం మా పెద్దమ్మకు స్కానింగ్ చేయించాం. డాక్టరు గారు ‘మెదడులో గడ్డ ఉంది’ అన్నారు. ఇంటికి చేరేసరికి ఆ ఒక్క మాట మూడు జబ్బులైంది. బావ రక్తం గడ్డకట్టిందనుకుని ‘కరిగే మందు ఉంటుందిగా’ అన్నాడు. పిన్ని చీముగడ్డ అనుకుంది. రిపోర్టులో ఉన్నది మాత్రం మెనింజియోమా అనే ట్యూమర్. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అన్నీ గడ్డలే అయిన మన హైదరాబాదులో దీనికి వేరే మాట లేదా?

జవాబు: ‘కణితి’ ఉందండీ, పత్రికల్లో చూస్తూనే ఉంటాం. మాట తేడా వస్తే వైద్యమే మారిపోతుంది. రక్తనాళానికి అడ్డుపడిన గడ్డను మందుతో కరిగిస్తారు, అదీ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. చీముగడ్డకు వారాల తరబడి యాంటీబయోటిక్స్ కావాలి. కణితి అంటే కణాలు అదుపు తప్పి పెరగడం. మెనింజియోమా అసలు మెదడులో పుట్టదు, దాన్ని కప్పి ఉంచే పొరల్లో పుడుతుంది. చాలావరకు నిదానంగా పెరిగే రకం. చిన్నదై, బాధ పెట్టకపోతే కోయకుండా అప్పుడప్పుడు ఎమ్మారై తీసి కనిపెట్టుకుని ఉంటారు. గ్లియోబ్లాస్టోమా అనే ఇంకో కణితి అలా కాదు, గరికవేళ్లలా మెదడులోకి పాకుతుంది. కనిపించినంతా తీసేసినా కొన్ని కణాలు మిగిలిపోతాయి. అందుకే ఆపరేషన్ తరవాత సాధారణంగా ఆరు వారాలు రేడియేషన్, దాంతోపాటు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు ఇస్తారు. రెండూ కణితులే, కానీ గ్లియోబ్లాస్టోమా క్యాన్సర్, మెనింజియోమా చాలావరకు కాదు.

ఇంకొకరు: మా అమ్మమ్మ దగ్గర ‘కణితి’ అంటే ‘కణత’ అనుకుని అమృతాంజనం రాసుకుంది! క్యాన్సర్‌కు ఆవిడ తరానికి తెలిసిన మాట ‘రాచపుండు’. పుండంటే పైకి కనబడాలి కదా, పుర్రె లోపలిదానికి ఆ మాట ఎలా అతుకుతుంది?

మళ్లీ జవాబు: అతకదు. నాకు అంతకన్నా చిరాకు ‘బినైన్ ట్యూమర్’కు ‘నిరపాయకరమైన కణితి’ అనే అనువాదం. పుర్రె సాగదు. క్యాన్సర్ కాని కణితి కూడా పెరిగితే మెదడునే నొక్కుతుంది. పొద్దున్న లేస్తూనే తలనొప్పి, వాంతులు, మూర్ఛ, చూపు మసకబారడం దాని వల్లా వస్తాయి. అది నిరపాయమెలా అవుతుంది? ‘క్యాన్సర్ కానిది’ అంటే చాలు.

మొదట అడిగినవారు: ఇప్పుడే పెద్దమ్మకు చెప్పాను. ‘పొరకు పుట్టిన కణితి, క్యాన్సర్‌లా లేదంటున్నారు, ఆరు నెలలకు మళ్లీ ఎమ్మారై తీస్తారట’ అని. ‘హమ్మయ్య, అయితే గడ్డ కాదన్నమాట’ అని కాఫీ పెట్టమంది. ఏమని దిద్దను?