థార్ ఎడారిలో బట్టమేక పక్షిని చూడటానికి సలహా కావాలి

డిసెంబరు చివరి వారంలో అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ల మా పాపతో కలిసి జైసల్మేర్ వెళ్తున్నాము. నా చిన్నతనంలో, అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో నాన్నగారు వేలితో చూపించిన బట్టమేక పక్షి, ఎండుగడ్డి మధ్య తెల్లని మెడ నిటారుగా ఎత్తి, నల్లని నెత్తితో కదలక నిలిచిన ఆ రూపం, ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. దానిని పాపకు కూడా చూపించాలని మా ఇద్దరి కోరిక. 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కులో సుదాసరి వైపు ఉదయం వెళ్లడం మంచిదా, సాయంత్రమా? మోకాళ్ల నొప్పులున్న అమ్మ జీపు దిగకుండానే చూడగలరా? ఇంత అరుదైన పక్షిని బెదరగొట్టడం మాకు ఇష్టం లేదు కనుక, ఎంత దూరంలో ఆగాలో కూడా దయచేసి చెప్పండి. తిరుగు ప్రయాణంలో ఫలోదీ దగ్గరి ఊరు ఖీచన్‌లో గింజలకు వాలే కుర్జా (డెమోజెల్ క్రేన్ అనే వలస కొంగ) పక్షులను చూడాలంటే తెల్లవారుజామున ఎన్ని గంటలకు చేరుకోవాలి?