మా వర్కర్ బడి కమిటీకి ఎన్నికైంది, మేమేం చేయొచ్చు?

ప్రశ్న: మాది చిన్న ప్యాకింగ్ యూనిట్. మా దగ్గర పనిచేసే ఒకావిడ ఊళ్లో ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీకి ఎన్నికైంది కానీ, మీటింగ్‌కి వెళ్తే సగం రోజు కూలి పోతోందని మానేసింది. మేం బడికి బెంచీలు కొనిస్తే సరిపోతుందా?

జవాబు: బెంచీలు తర్వాత అండీ, ముందు ఆవిడ కూలి కోయకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. వాళ్లే రాకపోతే మీటింగ్ రిజిస్టర్ ఇంటికొస్తుంది, సంతకం పెట్టి పంపడమే. మా ఊళ్లో జరిగిందదే.

జవాబు: నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ స్కూల్ గవర్నర్‌గా, అంటే మన బడి కమిటీ సభ్యుల్లాంటి వాళ్లుగా, ఉన్న ఉద్యోగికి ఆ పనికి తగినంత టైమ్ ఇవ్వాలని 1996 ఉద్యోగ హక్కుల చట్టంలోనే ఉంది, జీతం మాత్రం కంపెనీ ఇష్టం.

జవాబు: మీ అకౌంటెంట్‌ని ఓ పూట ఆవిడతో కూర్చోబెట్టండి, బడికొచ్చే గ్రాంటు ఖర్చుల పుస్తకం, బిల్లులు ఎలా సరిచూసుకోవాలో చూపిస్తారు.

అడిగినవారు: ఇది బాగుంది, పైగా బెంచీల కన్నా చవక!