కళ్లు బాగున్న నా రక్తం ఎందుకు?

బత్తాయితోట:
మాది మర్రిగూడ వైపు. అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. వాళ్లిద్దరి చూపూ బాగుంది. మేం నలుగురం, చెల్లికీ చిన్నతమ్ముడికీ రేచీకటి. పొద్దుగూకితే తమ్ముడు ఎడమచేత కంచం పట్టుకుని, కుడిచేత్తో గోడ తడుముకుంటూ వాకిట్లోకి వస్తాడు. మంచం జానెడు జరిపినా మోకాలికి దెబ్బే. ఊరంతా ఫ్లోరైడ్ నీళ్లన్నారు (మా వైపు ఏ రోగమైనా ఆ నీళ్ల ఖాతాలోకే). అమ్మ ఆరు నెలలు మునగాకు వండింది. చివరికి హైదరాబాద్ డాక్టరు రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనక పొర మెల్లమెల్లగా దెబ్బతినే జన్యు జబ్బు) అని తేల్చి, జన్యు పరీక్షకు ఇంటిల్లిపాదీ రక్తం ఇవ్వమన్నారు. ‘చూపున్న పిల్లది దేనికి?’ అంటారు నాన్న. ఆయన భయం వేరు: మేనబావతో నా పెళ్లి మాట నడుస్తోంది. నిజంగా నా రక్తంతో పనుందా?

పాలమూరు_ల్యాబ్:
ఉందమ్మా. నేను చేసేది ఈ పనే. ఈ జబ్బు తెచ్చే జన్యువులు 80కి పైగా ఉన్నాయి. మేనరికంలో ఒకే పూర్వికుడి క్రోమోజోమ్ ముక్క అమ్మ నుంచీ నాన్న నుంచీ బిడ్డకు చేరవచ్చు. మీ చెల్లికీ తమ్ముడికీ రెండు ప్రతులూ అచ్చుగుద్దినట్టున్న చోట్లు వెతుకుతాం. అవి చాలానే దొరుకుతాయి. అందులో ఏదైనా మీలోనూ అలాగే ఉంటే, మీ చూపు బాగుంది కాబట్టి జబ్బు అక్కడ లేదని దాన్ని జాబితాలోంచి కొట్టేస్తాం. మీరు లేకుంటే ఆ వడపోత కుదరదు. 1987లో లాండర్, బోట్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు చూపిన దారి ఇది.

జడ్చర్ల_నాన్న:
మా పాప మొదటి రిపోర్టులో ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అని వచ్చింది, అంటే జబ్బు తెచ్చింది ఆ జన్యు మార్పేనో కాదో చెప్పలేమని. సూదికి భయపడి తప్పించుకున్న మా పెద్దవాడి రక్తం ఇచ్చాకే తేలింది. ఇంకొకటి, జన్యు చికిత్స అని ఎవరైనా ఊరిస్తే డబ్బు కట్టకండి. 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు ఆర్‌పీఈ65 జన్యువు లోపానికి మాత్రమే. ముందు మీది ఏ జన్యువో తెలియాలి.

బత్తాయితోట:
మరి పెళ్లి సంగతి, అన్నా?

పాలమూరు_ల్యాబ్:
మీరు ఆ లోపాన్ని ఒక ప్రతిలో మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. దానివల్ల మీ చూపుకు ఏమీ కాదు. లోపం దొరికాక మీ బావకూ అదే పరీక్ష చేయించండి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు.

బత్తాయితోట:
నాన్నకు చదివి వినిపించాను. ‘మూడింట రెండు’ దగ్గర ఆపి మళ్లీ చదివించుకున్నారు. సోమవారం పొద్దున బస్సుకు ఆరుగురం బయలుదేరుతున్నాం. బావకు ఎవరు చెప్పాలన్నదే ఇంకా తేలలేదు.