నీలిబూడిద యూనిఫాం సైనికుణ్ని దాచిందా, పట్టించిందా?

సరిహద్దు:
మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యం 1915 నుంచి వేసుకున్న లేత నీలిబూడిద రంగును హొరైజన్ బ్లూ అంటారు. నింగీ నేలా కలిసేచోట కనిపించే నీలం అన్నమాట. శత్రువు కంట పడకుండా బాగా ఆలోచించి ఎంచుకున్న రంగని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను.

1914 ఆగస్టులో ఫ్రెంచ్ సైనికులు ఎర్ర ప్యాంట్లతో యుద్ధానికి వెళ్లారు. అప్పటికే బ్రిటిష్ వాళ్లకు ఖాకీ ఉంది, జర్మన్లకు ఫీల్డ్ గ్రే, అంటే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు ఉంది. ఆగస్టు 22న ఒక్కరోజే సుమారు 27,000 మంది ఫ్రెంచ్ సైనికులు చనిపోయారు. అదంతా ప్యాంట్ల వల్లే అననుగానీ, ఆ ఎరుపును అంతకాలం పట్టుకుని వేలాడినవాళ్లను క్షమించలేను. చివరికి యుద్ధానికి కాస్త ముందు, 1914 జూలైలో ఒప్పుకున్న కొత్త బట్ట కూడా జెండాలోని నీలం, తెలుపు, ఎరుపు పోగులు కలిపి నేసేదే! ఎర్ర రంగుకు కావాల్సిన అలిజరిన్ జర్మనీ నుంచి రావాలి. యుద్ధంతో అది ఆగిపోయింది. ఎరుపు తీసేస్తే మిగిలింది ఈ నీలిబూడిద. ఇందులో ముందుచూపు ఏముంది?

మగ్గం:
రంగు ఎలా పుట్టిందన్నది వేరు, ఎలా పనిచేసిందన్నది వేరు కదండీ. ఆ బట్టలో 35 శాతం తెల్ల ఉన్ని, 50 శాతం లేత నీలం, 15 శాతం ముదురు నీలం. వడకడానికి ముందే ఉన్నిని కలిపేస్తారు. అందుకే దగ్గర్నుంచి చూస్తే పోగుపోగుకూ తేడా తెలుస్తుంది, దూరం నుంచి అన్నీ కలిసి మంచుపొరలా కనిపిస్తాయి. దూరపు కొండలు నీలంగా కనబడేది గాలి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల. ఆ నేపథ్యంలో ఈ బట్ట కలిసిపోతుంది. అయితే మిల్లు మిల్లుకూ ఛాయ మారిందన్నది నిజం. కొన్ని యూనిఫాంలు స్లేటు రంగులో, కొన్ని దాదాపు ఆకాశం రంగులో వచ్చాయి.

దుర్భిణి:
మగ్గం గారూ, సైనికుడు ఎప్పుడూ ఆకాశం ముందు నిలబడడు కదా. బురద ముందు, గడ్డి ముందు ఉంటాడు. ఇంకో సంగతి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు నల్లబడుతుంది, నీలం తేటపడుతుంది. దీన్ని పుర్కింజే ప్రభావం అంటారు. దాడులు ఎక్కువగా మొదలయ్యే వేకువ చీకట్లోనే లేత నీలం తెల్లగా తేలుతుంది.

ఆస్ట్రియా-హంగరీ అనుభవం చూడండి. పైక్ అనే చేప ఒంటి రంగు పేరుతో వాళ్లూ ఒక నీలిబూడిద తెచ్చుకున్నారు. ఆల్ప్స్ రాళ్ల మధ్య అది బాగానే ఉంది. తూర్పు ఐరోపాలోని గలీషియా మైదానాల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనబడింది. 1915లోనే ఫీల్డ్ గ్రే వైపు మళ్లారు.

గగనం:
మీరంతా దాక్కోవడం గురించే మాట్లాడుతున్నారు. ఎవరు మనవాళ్లో తెలియడం కూడా యూనిఫాం పనే. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ల నిబంధన ప్రకారం కోటు క్యాడెట్ గ్రే, అదీ నీలిబూడిదే. కానీ 1861 జూలైలో బుల్ రన్ దగ్గర జరిగిన పోరులో దక్షిణాది పక్షాన ఉన్న ఒక వర్జీనియా రెజిమెంట్, ఉత్తరాది వాళ్ల రంగైన నీలం బట్టల్లో వచ్చింది. ఉత్తరాది ఫిరంగిదళం తమవాళ్లేనేమో అనుకుని కాల్పులు ఆపింది, ఫిరంగులు పోగొట్టుకుంది. బ్రిటిష్ వైమానిక దళం 1919లో నీలిబూడిదను తీసుకుంది కూడా సైన్యం ఖాకీ నుంచీ, నౌకాదళం ముదురు నీలం నుంచీ వేరుగా కనబడాలనే.

సరిహద్దు:
గగనం గారూ, వైమానిక దళం విషయంలో మీతో ఏకీభవిస్తాను. కందకంలో ఉన్న కాల్బలానికి ఆ లెక్క కుదరదు. దుర్భిణి గారు చెప్పిన వేకువ వెలుతురు సంగతి నాకు తట్టలేదు, నా వాదనకు అదే బలం.

మగ్గం:
సరే, మైదానంలో ఖాకీయే మేలని ఒప్పుకుంటాను. కానీ ఎర్ర ప్యాంటు మీద ఇది ఎంతో నయం, దాన్ని కాదనకండి. పైగా గెలిచి తిరిగొచ్చినవాళ్లకు ఆ రంగు ప్రాణమైపోయింది. 1919 ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో మాజీ సైనికులు ఎంతమంది గెలిచారంటే ఆ సభను హొరైజన్ బ్లూ సభ అనే పిలిచారు. ఖాకీకి మారాలని తర్వాత నిర్ణయించుకున్నా, 1930లు వచ్చేదాకా ఫ్రెంచ్ సైన్యంలో ఈ నీలం కనబడుతూనే ఉంది.

దుర్భిణి:
అదే నా బాధ కూడా. ఎర్ర ప్యాంటును వదలకపోవడానికి చెప్పిన కారణం కూడా అభిమానమే కదండీ.