టిమ్ ఫాలిన్‌కి రావాల్సిన పేరు వచ్చిందా, లేదా?

చతురస్ర_తరంగం:
పాత గేముల సంగీతం అనగానే కోజి కోండో, నొబువో ఉయెమాత్సు. ఆ రెండు పేర్ల దగ్గరే బండి ఆగిపోతుంది. వాళ్ల గొప్పతనాన్ని కాదనను. మరి బ్రిటిష్ గేమ్ కంపోజర్ టిమ్ ఫాలిన్ సంగతేంటి?

1990లో నింటెండోకి వచ్చిన 'సిల్వర్ సర్ఫర్' వినండి. ఆ మెషీన్ సౌండ్ చిప్‌లో ఉన్నవి, ఒక్కోటీ ఒకసారికి ఒక్క శబ్దమే పలికే ఐదు ఛానళ్లు: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, రికార్డు చేసిన శబ్దాన్ని గరగరలాడుతూ వినిపించే శాంపిల్ ఛానల్ ఒకటి. ట్రయాంగిల్‌కి వాల్యూమ్ తగ్గించే వీలు కూడా లేదు. అంతే సరంజామా. అందులో ఆయన ఏకంగా ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండునే దింపాడు! ఒకే ఛానల్‌లో స్వరాలు ఎంత వేగంగా మారతాయంటే, చెవికి మొత్తం కార్డ్, అంటే స్వరాల గుంపు, ఒకేసారి మోగినట్టుంటుంది. గేమ్ మాత్రం నరకం. గోడ తగిలినా చావే. మొదటి లెవెల్ దగ్గరే విసుగొచ్చి వదిలేసినవాళ్లే ఎక్కువ. గేమ్‌తో పాటు సంగీతం కూడా మునిగిపోయింది. ఇంత అండర్‌రేటెడ్ కంపోజర్ ఇంకొకరు లేరన్నది నా మాట. కాదంటే కారణం చెప్పండి.

మెగాడ్రైవ్_మామ:
సెగా అని ఒక కంపెనీ కూడా ఉండేది. మోటోహిరో కవాషిమా పేరు రాసుకో. 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 3', 1994.

గుంపులో_గోవింద:
మామా, అది సంగీతమా? మిక్సీలో స్పూన్ పడిన చప్పుడు.

నాలుగో_ట్రాక్:
చతురస్ర గారూ, పాత గేముల సంగీతం మీద ఎక్కడ మాట మొదలైనా "ఫాలిన్‌ని ఎవరూ గుర్తించలేదు" అనే పోస్టు ఒకటి తప్పకుండా ఉంటుంది. వందమంది కలిసి ఒకే పేరు పట్టుకుని "ఎవరికీ తెలియదు" అంటే ఎలాగండీ?

నిజంగా అన్యాయం జరిగింది ఎవరికో చెప్తాను. 1986లో వచ్చిన డ్రాక్యులా గేమ్ 'కాసిల్‌వేనియా' సంగీతం కినుయో యమషితా, సతోయె తెరషిమా చేశారు. గేమ్ పూర్తిచేస్తే చివర్లో వచ్చే పేరేంటో తెలుసా? జేమ్స్ బనానా. క్యాప్‌కామ్ అనే ఇంకో గేమ్ కంపెనీలోనూ ఇదే తంతు. 1987 'మెగా మ్యాన్' సంగీతం మనామి మత్సుమాయెది, తెర మీద కనిపించేది 'చంచాకోరిన్ మనామి'. మరుసటి ఏడాది రెండో భాగానికి తకాషి తతెయిషి. ఆయనకి పెట్టిన పేరు 'ఓగెరెత్సు కున్'. మంచి పనివాళ్లని పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందని అప్పట్లో అసలు పేర్లు దాచేవాళ్లు.

చతురస్ర_తరంగం:
జేమ్స్ బనానా అనేది జోక్ అండీ. డ్రాక్యులా సినిమాలకి సంగీతం చేసిన జేమ్స్ బెర్నార్డ్ పేరు మీద వేసిన జోక్. ఆ క్రెడిట్లలో డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ కూడా 'వ్రామ్ స్టోకర్' అయిపోయాడు. దాన్ని పట్టుకుని అన్యాయం అంటే ఎలా?

ఇంకో మాట. 'మెగా మ్యాన్ 2' ట్యూన్లు ఇప్పటికీ జనం గిటార్ల మీద వాయిస్తున్నారు. అంత ప్రేమ దొరికిన సంగీతం అండర్‌రేటెడ్ ఎలా అవుతుంది?

నాలుగో_ట్రాక్:
జోక్ అని నాకూ తెలుసు. బ్రామ్ స్టోకర్‌కి ఆ జోక్ వల్ల పోయేదేం లేదు, ఆయన పేరు పుస్తకం అట్ట మీద ఉంది. యమషితా పేరు ఇంకెక్కడుంది?

సేవ్‌పాయింట్:
ట్యూన్ ఫేమస్, చేసిన మనిషి అనామకం. మీరిద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు.

చిప్‌పిచ్చోడు:
'గిమిక్', 1992, మసాషి కగెయామా. ఇంతసేపూ ఆ పేరు ఎవరూ ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది. అన్నట్టు, సిల్వర్ సర్ఫర్ టిమ్ ఒక్కడిదే కాదు కదా? సోదరుడు జెఫ్ ఫాలిన్ కూడా ఉన్నాడు.

నాలుగో_ట్రాక్:
ఇదిగో, దొరికింది! పేరు రాలేదని చర్చ మొదలుపెట్టిన పెద్దమనిషే జెఫ్ పేరు మింగేశాడు. పైగా వాళ్లు పనిచేసిన సాఫ్ట్‌వేర్ క్రియేషన్స్ కంపెనీలో వాళ్ల స్వరాలు ఏ సౌండ్ డ్రైవర్ (స్వరాలను చిప్ చేత మోగించే ప్రోగ్రామ్) మీద నడిచాయో తెలుసా? అది రాసింది స్టీఫెన్ రడ్డీ. ఆయన్ని తలుచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చతురస్ర_తరంగం:
జెఫ్ ఉన్నాడని నాకు తెలుసు. నేను మాట్లాడింది టిమ్ గురించి. 'సోల్‌స్టిస్' టైటిల్ ట్యూన్ ఆయనదే. చిన్న బాకా ఊదినట్టు అమాయకంగా మొదలై, ఒక్కసారిగా మీదపడుతుంది చూడు, అది ఇంకెవరూ చేయలేదు. ఇక డ్రైవర్ రాసినవాడికి కూడా దండ వేయాలంటావా? వయొలిన్ చేసిన వడ్రంగి పేరు కచేరీలో చెప్తారా?

నాలుగో_ట్రాక్:
ఇది వడ్రంగి పని కాదు. సన్‌సాఫ్ట్ వాళ్ల 'జర్నీ టు సిలియస్' తీసుకో. స్వరం నవోకి కొడాకాది. కానీ ఆ గేమ్ అనగానే నీకు గుర్తొచ్చేది ఏంటి? ఆ బేస్. మిగతావాళ్లు డ్రమ్స్‌కి వాడుకునే శాంపిల్ ఛానల్‌లో వాళ్లు బేస్ గిటార్ పలికించారు. దాన్ని చిప్‌లోకి ఎక్కించింది నొబుయుకి హారా, షినిచి సెయా లాంటి సౌండ్ ప్రోగ్రామర్లు. కాగితం మీది స్వరం ఒకటి, చిప్‌లో మోగేది ఇంకొకటి. అందులో సగం పని వాళ్లది.

చతురస్ర_తరంగం:
సగమా? కొలిచావా? స్వరం లేకపోతే ఎక్కించడానికి ఏముంది?

ఊరికే అడుగుతున్నా, నీకెందుకంత మంట? నేను ఒక మంచి కంపోజర్‌ని వినమన్నాను. నువ్వు హాజరుపట్టీ తెరిచి కూర్చున్నావు.

నాలుగో_ట్రాక్:
ఎందుకో చెప్తా విను. ఒక చిన్న స్టూడియో మొబైల్ గేమ్‌కి నేను సంగీతం చేశాను. మెనూ, లెవెళ్లు, బాస్ ఫైట్, అన్నీ. విడుదలయ్యాక క్రెడిట్లలో చూస్తే "సంగీతం: టీమ్" అని ఉంది. అడిగితే, ఆడేవాళ్లు అవి చదవరు కదా అన్నారు. ఆ గేమ్ రివ్యూల్లో సంగీతం బాగుందని రాసినవాళ్లున్నారు. అది నాకు వచ్చిన మెచ్చుకోలు అని నేను ఎవరికి చూపించను? నీ హాజరుపట్టీ అదే.

గుంపులో_గోవింద:
అన్నా, అది బాధే. మిక్సీ మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ, నీది బాధే.

మెగాడ్రైవ్_మామ:
కవాషిమా ట్రాకులు అప్పట్లో రివ్యూ రాసినవాళ్లకే మింగుడుపడలేదు, నీకేం పడతాయి. అది క్లబ్బుల్లో మోగే టెక్నో, గేమ్‌లోకి తెచ్చాడు.

చతురస్ర_తరంగం:
నీకు జరిగింది తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ నా గొడవ వేరు, అది నీకు ఎక్కట్లేదు. క్రెడిట్లలో టిమ్ పేరు సరిగ్గానే ఉందనుకో. అయినా ఆ సంగీతం చచ్చింది, ఎందుకంటే గేమ్ చెత్త. గేమ్ హిట్టయితే నాలుగు బీపులు కూడా క్లాసిక్ అయిపోతాయి. గేమ్ పోతే ఎంత పనితనమున్నా చెత్తబుట్టే. నేను గేమ్ నుంచి సంగీతాన్ని విడదీసి వినమంటున్నా. పేరు పడినంత మాత్రాన ఎవరూ వినరు.

నాలుగో_ట్రాక్:
వినకపోయినా పేరు పడాలి. నేను అనేది అదే. వింటే సంతోషం, వినకపోతే వాళ్ల ఖర్మ. చేసినవాడి పేరు మాత్రం అక్కడ ఉండాల్సిందే.

చతురస్ర_తరంగం:
సరే, మొదటి పోస్టులో జెఫ్ పేరు కలుపుతా. ఆ అన్నదమ్ములు కలిసి చేసిన 'ప్లాక్' గేమ్ గురించి రాసినప్పుడు ఇద్దరి పేర్లూ వేస్తా. డ్రైవర్ రాసినవాడి పేరు మాత్రం వేయను.

నాలుగో_ట్రాక్:
రడ్డీ. రెండక్షరాలు. వేస్తే నీ సొమ్మేం పోతుంది?

చతురస్ర_తరంగం:
వేయను.