ఆర్ యూ హియర్ సినిమా: ఆస్తి కోసం సోదరి కోర్టుకెక్కడం తప్పా?

బ్రాడీపేట:
నిన్న రాత్రి ఇంట్లో "ఆర్ యూ హియర్" చూశాం, అప్పటినుంచి నాకూ మా ఆవిడకీ వాదన తెగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మ్యాడ్ మెన్ సీరీస్ సృష్టించిన మ్యాథ్యూ వైనర్ సినిమా, 2013లో టొరంటో ఫెస్టివల్‌లో వేశారు, 2014లో విడుదలైంది. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. స్టీవ్ టీవీలో వాతావరణం వార్తలు చదువుతాడు. అతని చిన్ననాటి స్నేహితుడు బెన్, బైపోలార్ జబ్బు మనిషి, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారులోకి, కొన్నాళ్లు దిగులులోకి వెళ్లిపోయే జబ్బు. బెన్ తండ్రి పోతూ ఆస్తిలో పెద్ద భాగం అతని పేరునే రాసి పోతాడు. సోదరి టెర్రీ, వీడికి స్థిమితం లేదు, ఈ ఆస్తి నిలబెట్టుకోలేడు అని వీలునామా మీద పోట్లాటకి దిగుతుంది.

నా ఓటు టెర్రీకే. డబ్బంటే లెక్కలేని, ఏవేవో పెద్ద ఆలోచనల్లో తేలిపోయే మనిషి చేతికి అంత ఆస్తి ఇస్తే నాలుగు రోజుల్లో ఎవడో ఒకడు కాజేస్తాడు. తర్వాత అన్నం పెట్టాల్సింది ఆవిడే కదా?

పటమట:
బ్రదర్, నాకు ఆస్తి గొడవకన్నా సినిమాయే నచ్చలేదు. ఫస్టాఫ్ అంతా బెన్‌ని చూసి నవ్వమంటారు, సెకండాఫ్‌లో జాలి పడమంటారు, ఏదీ కుదరలేదు. పైగా ఆఖర్లో మందులు మొదలుపెట్టాక మనిషి చప్పబడిపోతాడు. అంత చురుకైన మనసుని మాత్రలేసి పడుకోబెట్టడం గెలుపా? నాకైతే ఓడిపోయినట్టే అనిపించింది.

మంగళగిరి:
నేను ఆడపిల్లగా అడుగుతున్నా. కొడుక్కి జబ్బున్నా సరే పెద్ద వాటా కొడుక్కే, కూతురు మాత్రం వచ్చినదానితో సరిపెట్టుకోవాలి, ఇది మనకి కొత్తా? మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం మార్చారు, 2005లో దేశమంతా వచ్చింది. ఇప్పటికీ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించే ఇళ్లు ఎన్ని లేవు! టెర్రీ కోపం నాకు అర్థమైంది. ఆమెని గయ్యాళిలా చూపించడమే నచ్చలేదు.

సూర్యారావుపేట:
బ్రాడీపేట గారూ, మీతో ఒప్పుకోలేను. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్యకి ఇదే జబ్బు. తుళ్లూరు చుట్టుపక్కల భూములకి రాజధాని ధరలు వచ్చాక మా చుట్టాల్లో ఒకటే మాట, "వాడి పేరున ఎందుకు, అమ్మి తగలేస్తాడు, నీ పేరున రాయించుకుని వాణ్ణి నువ్వే చూసుకో" అని. వినడానికి ప్రేమగానే ఉంటుంది. కానీ ఏడాదిలో చాలా భాగం మా అన్నయ్య మామూలుగా ఉంటాడు, కౌలు లెక్కలు నాకన్నా బాగా చూస్తాడు, గట్టు దగ్గర అడుగు జరిగినా పట్టేస్తాడు. జబ్బు పైకెక్కినప్పటి సంగతి వేరు. నిద్రుండదు, అయినా అలుపుండదు, అర్ధరాత్రి బీరువాలో కాగితాలన్నీ నేలమీద పరిచి కల్యాణమండపానికి ప్లాన్ గీస్తుంటాడు, తెల్లారేసరికి ఎవరికో అడ్వాన్స్ మాట ఇచ్చేసి ఉంటాడు. ఆ కొన్ని వారాల కోసం మనిషికి జన్మంతా హక్కు లేదంటామా?

చట్టం కూడా అనదు. హిందూ వారసత్వ చట్టం, 1956, 28వ సెక్షన్ చూడండి, రోగం ఉందనో అవయవ లోపం ఉందనో ఎవరికీ వారసత్వం పోదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది, జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివాడని లెక్కగట్టడానికి లేదు, ఆ మాట కోర్టే తేల్చాలి. సినిమా అమెరికాది, అక్కడి చట్టాలు వేరు. కానీ బెన్ జబ్బే సాక్ష్యం అని టెర్రీ ఇక్కడికొస్తే అదొక్కటే సరిపోదు. ఇక మోసపోతాడనే భయం అంటారా, 1872 కాంట్రాక్టు చట్టమే చెప్తోంది, అప్పుడప్పుడు స్థిమితం తప్పే మనిషి బాగున్నప్పుడు ఒప్పందం చేసుకోవచ్చు, బాగాలేనప్పుడు చేసుకోకూడదు. భయమున్న తండ్రి ట్రస్టు రాసి, కొడుకుతోపాటు కూతుర్నీ ట్రస్టీగా పెడితే ఈ గొడవే ఉండేది కాదు. నన్నడిగితే తప్పు టెర్రీది కాదు, బెన్‌ది కాదు, ముందుచూపు లేకుండా వీలునామా రాసిన తండ్రిది.

పటమట గారూ, మందుల సంగతి. మా వాడు వేసుకునేది లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దీన్ని వాడి చూశాడు, ఇన్నేళ్లయినా దీని చోటు దీనికుంది. సుఖమైన మందేం కాదు. టీ గ్లాసు పట్టుకుంటే చేతి వణుకుకి గ్లాసు సాసర్‌కి తగిలి టకటకమంటుంది. మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. మన బెజవాడ ఎండల్లో అయితే ఇంకా టెన్షన్, చెమటకి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పథ్యం పేరుతో ఉప్పు మానేసినా అంతే. మేలో బయటికెళ్తే సీసాతో నీళ్లు చేతికివ్వకుండా మా అమ్మ గడప దాటనివ్వదు. ఇంత పడుతూ కూడా రోజూ రాత్రి అన్నం తిన్నాక వాడే అడిగి మాత్ర వేసుకుంటాడు. దాన్ని మీరు ఓటమి అంటే నాకు కష్టంగా ఉంటుంది. మనిషి మందకొడిగా అయిపోతే డాక్టరుకి చెప్పి మోతాదు సరిచేయించుకోవచ్చు.

నాకు సినిమాలో కోపమొచ్చింది స్టీవ్ మీద. ప్రాణస్నేహితుడంటూ, బైపోలార్ మనిషితో కలిసి గంజాయి కొడతాడు. గంజాయి ఆ జబ్బుని రేపెడుతుంది. అతన్ని ఉన్నట్టుగా ప్రేమిస్తున్నా అనుకుంటాడు గానీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లే బాధ్యత మాత్రం పెద్దగా తీసుకోడు.

బ్రాడీపేట:
సూర్యారావుపేట గారూ, చట్టం సంగతి సరే, ఒప్పుకున్నా. కానీ రేపు మీ అన్నయ్యకి జబ్బు పైకెక్కి, ఆసుపత్రికి రానంటే ఎవరి మాట చెల్లుతుంది? అక్కడ సొంత మనుషులే కదా ఉండాలి, స్నేహితులా?

సూర్యారావుపేట:
సొంతవాళ్లే అవ్వాలని లేదండీ. 2017 చట్టం ప్రకారం ఆయనే బాగున్నప్పుడు తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి, తనకు నామినేటెడ్ ప్రతినిధి, అంటే వైద్యం విషయంలో తన తరఫున నిలబడే మనిషి, ఎవరో పెట్టుకోవచ్చు. స్నేహితుడైనా పర్లేదు. మా అన్నయ్య నా పేరు రాశాడు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మారుస్తాడు.

మంగళగిరి:
అయితే బెన్ ఎవరి పేరు రాయాలంటారు?

సూర్యారావుపేట:
టెర్రీ పేరేనండీ. కోర్టుకి ఈడ్చినా సరే, ఆ సినిమా మొత్తంలో అతనికి జబ్బుందని తిన్నగా అన్నది ఆవిడే. కాకపోతే ముందు కేసు వదులుకుంటేనే.